వడగట్టిన నీరు

మన యిండ్లలో నీటి మంచిచెడ్డలు నిర్ణయించు అధికారము చిరకాలముగా కంటిదే. బిందె అడుగు కనిపించునంత తేటగా నున్నచో అది మంచినీరు. మడ్డిగా నున్నచో కాదు. వరద దినములలో గోదావరి నీరు ఎర్రనై వచ్చినపుడు మన పెద్దలు చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపి, మడ్డి అడుగునకు దిగిన పిమ్మట పైతేటను వంచుకొనెడివారు. చిల్లగింజ దొరకనిచోట పటికముక్క ఆ పని చేసెడిది. ఈ ఉపాయములు మంచివే. వీనివలన నీరు తేటపడును. కాని రోగరహితమగునని చెప్పుటకు వీలులేదు. తేటదనము వేరు, నిర్దోషత వేరు అను సంగతి లోకమునకు నిస్సంశయముగా రుజువై సుమారు నూటముప్పది యేండ్లయినది. రుజువైన చోటు జర్మనీలోని హాంబర్గు నగరము; రుజువు చేసినది కలరా. ఆ నగరము కథతోపాటు, దాని ప్రక్కనే యుండిన ఆల్టోనా అను పట్టణము కథను ఈ ప్రసంగమున వినిపింప దలచితిమి. హాంబర్గు కథ చాలమంది చెప్పినదే. ఆల్టోనా కథలో రెండవ సగమును మాత్రము చెప్పువారు తక్కువ. మాకు ముఖ్యముగా కావలసినది ఆ రెండవ సగమే.

1842 మే నెలలో గొప్ప అగ్నిప్రమాదము సంభవించి హాంబర్గు నగరములో చాల భాగము బూడిదయ్యెను. మరల కట్టునపుడు విలియం లిండ్లీ అను ఆంగ్ల ఇంజనీరు ఆ నగరమునకు నీటిగొట్టములను, భూగర్భపు మురుగుకాలువలను సమకూర్చెను. ఐరోపాఖండములో అంత చక్కని ఏర్పాటు గల నగరములు ఆనాడు అరుదు. ఎల్బ్ నదిలో, నగరమునకు ఎగువ భాగమున, నీటిని తోడి, చెరువులలో కొంతసేపు తేర్చి, ఇండ్లకు పంపెడివారు. వడపోత మాత్రము లేదు. ఆ గొట్టములలో చిన్న చేపలు, నత్తలు, పురుగులు హాయిగా కాపురముండెడివి. క్రేపెలిన్ అను జంతుశాస్త్రజ్ఞుడు 1885లో హాంబర్గు నీటిగొట్టములలో నివసించు ప్రాణులను గూర్చి ప్రత్యేకముగా ఒక రచనయే ప్రకటించినాడు! కుళాయిలో చేపపిల్ల వచ్చుట ఆ నగరవాసులకు హాస్యమునకు కారణమయ్యెనే గాని భయమునకు కాలేదు.

వడపోత గృహము కట్టవలెనని పలుమారు ప్రస్తావన వచ్చెను. ఖర్చు ఎవరు భరింపవలెనని వర్తకులును, ఇండ్ల యజమానులును వాదులాడుకొనుచుండగా ఏండ్లు గడచిపోయెను. వారికి శాస్త్రపు ఆసరా కూడ దొరకెను. మ్యూనిక్ నగరమందలి పెటెన్‌కోఫర్ అను ప్రఖ్యాత ఆరోగ్యశాస్త్రవేత్త, కలరాకు మూలము నేలలో జరుగు మార్పులే గాని త్రాగునీరు కాదని బోధించుచుండెను. రాబర్టు కాక్ 1884లో కలకత్తాలో కలరా క్రిమిని కనిపెట్టి, అక్కడి ఒక చెరువు నీటిలో కూడ దానిని చూపియుండెను. అయినను పెటెన్‌కోఫర్ పక్షము వహించినవారికి హాంబర్గులో కొరతలేదు. ఎట్టకేలకు 1890లో వడపోత గృహమునకు అనుమతి లభించి, కాల్టెహోఫె అను దీవిలో పని ప్రారంభమయ్యెను. అది ముగియకముందే 1892 ఆగస్టు వచ్చెను.

ఆ వేసవి మిక్కిలి వేడిగా నుండెను. నదిలో నీరు తగ్గియుండెను. రష్యానుండి అమెరికాకు వలసపోవు బీదజనులు హాంబర్గు రేవులో గుడారములవంటి పాకలలో విడిసియుండిరి. వారి వెంట వచ్చిన కలరా రేవు నీటిలో కలసినదనియు, సముద్రపు పోటుతో ఆ నీరు ఎగువకు తన్ని నగరపు నీరు తోడు చోటికి చేరినదనియు అప్పటి పరిశోధకులు భావించిరి. చేరిన పిదప పంచిపెట్టు పని లిండ్లీ గారి చక్కని గొట్టములే చేసెను. నగరమంతట కొన్ని దినములలోనే రోగము ప్రబలెను. ఆగస్టు 24వ తేదీన కాక్ స్వయముగా వచ్చి రేవు ప్రాంతపు ఇరుకు సందులను చూచి, తాము ఐరోపాలో నున్న సంగతియే మరచితిమని తన వెంట నున్నవారితో అన్నాడని ప్రసిద్ధి. కలకత్తాను చూచివచ్చినవాడు ఆ మాట యనుటలో మనకు నొప్పి కలిగించు భాగము కొంత కలదు. అయినను ఆనాడు హాంబర్గు పెద్దలకు అది తగిలినంతగా మరి యేదియు తగిలియుండదు. ఆ ఉపద్రవములో సుమారు 17,000 మంది రోగగ్రస్తులైరి. 8,600 మందికి పైగా మరణించిరి.

ఇక ఆల్టోనా సంగతి. హాంబర్గుకు ఆల్టోనాకు నడుమ కోటగోడ లేదు, నది లేదు. ఒకే వీధిలో ఒక వరుస ఇండ్లు హాంబర్గువి, ఎదుటి వరుస ఆల్టోనావి. గాలి ఒకటే, నేల ఒకటే, జనుల రాకపోకలు ఒకటే. ఆల్టోనావారు కూడ ఎల్బ్ నీటినే త్రాగుచుండిరి. పైగా వారు నీటిని తోడుచోటు హాంబర్గుకు దిగువన, ఆ మహానగరపు మురుగంతయు కలసిన తరువాత! న్యాయముగా ఆల్టోనాయే ముందు నశింపవలసి యుండెను. కాని అక్కడ మరణించినవారు కొన్ని వందలు మాత్రమే; వారిలో పలువురు హాంబర్గులో పనిచేయుచు అక్కడనే రోగము తగిలించుకొన్నవారు. షుల్టర్‌బ్లాట్ అను సరిహద్దు వీధిలో హాంబర్గు వైపున మూడువందలమందికి పైగా కూలిజనులు నివసించు పెద్ద గృహసముదాయ మొకటి యుండెను. ఏ కారణముననో దానికి ఆల్టోనా నీరు అందుచుండెను. చుట్టును కలరా ఉండగా ఆ ప్రాంగణములో ఒక్కరికిని సోకలేదు. నేలలోని మార్పులే కారణమన్న పెటెన్‌కోఫర్ వాదమునకు ఆ యింటివారు చెప్పకయే సమాధానము చెప్పిరి. ఆయన ఓటమి అంగీకరింపలేదు. ఆ అక్టోబరులో, డెబ్బదిమూడేండ్ల వయస్సున, కలరా క్రిములు గల ద్రవమును అందరియెదుట త్రాగివేసెను! స్వల్ప విరేచనములతో బయటపడుట ఆయన అదృష్టము.

ఆల్టోనాను కాపాడినది ఇసుక. అది ఎట్లు కాపాడినదో కొంచెము వివరింపవలసి యున్నది. విశాలమైన తొట్టెలో అడుగున రాళ్లు, వానిపై కంకర, దానిపై మనిషి నడుమెత్తున సన్నని ఇసుక పరచి, పైన నీరు నిలుపుదురు. ఆ నీరు గంటకు జానెడు కూడ దిగక, మెల్లగా ఇసుకలోనుండి క్రిందికి ఇంకును. లండనులో 1829లో జేమ్సు సింప్సన్ చెల్సీ నీటికంపెనీకి ఇట్టి తొట్టెలను కట్టినపుడు ఆయన ఉద్దేశము థేమ్సు నీటిలోని మడ్డిని తొలగించుటయే. రోగక్రిముల మాట అప్పటికి ఎవరికిని తెలియదు. పిల్లి ఎలుకను పట్టుటకై పెంచగా పామును కూడ చంపిన చందమున, ఆ తొట్టెలు తమ యజమానులు కోరని ఉపకారమును అర్ధశతాబ్దము చేసినవి. 1880 తరువాత కాక్ కనిపెట్టిన పద్ధతిలో క్రిములను గాజుపలకపై పెంచి లెక్కించుట సాధ్యమైన పిదప, పెర్సీ ఫ్రాంక్లండ్ 1885లో లండను నీటిని పరీక్షించి, నదిలో నున్న సూక్ష్మజీవులలో నూటికి తొంబదియైదుకు పైగా ఇసుకలో ఆగిపోవుచున్నవని లెక్క తేల్చెను.

ఇసుకరేణువుల నడుమ సందులు క్రిములకు రాజవీధులవంటివి. మరి అవి ఎట్లు ఆగును? కొత్తగా పరచిన ఇసుక వానిని చాలవరకు ఆపలేదు. కొన్నిదినములు నీరు పారిన తరువాత ఇసుకపై పాచి, మట్టి, సూక్ష్మజీవులు కలసిన జిగటపొర యొకటి ఏర్పడును. జర్మనులు దీనికి పెట్టిన పేరునకు అర్థము మురికిపొర అనియే. నీటిని శుద్ధిచేయునది ఆ మురికిపొర! అది ప్రాణము గలది; కొత్తగా వచ్చు క్రిములను పట్టును, తినును, నశింపజేయును. పొర మరీ దట్టమై నీరు దిగనపుడు తొట్టెను ఎండగట్టి, పైపొరను గీకివేయుదురు. పొర మరల ఏర్పడువరకు దిగిన నీటిని ఊరికి పంపక పారబోయవలెను. ఇది పాలు తోడుపెట్టిన గృహిణి పెరుగు పేరుకొనువరకు కుండ కదపకుండుట వంటి పని: ఓర్పు లేనివారికి రాదు.

ఆల్టోనావారికి ఓర్పు కలదు. అందుచేతనే 1892 వేసవిలో గట్టెక్కిరి. ఆ కీర్తి జర్మనీయంతట వ్యాపించెను. వడగట్టిన నీటికి భయములేదన్న నమ్మకము స్థిరపడెను. అప్పుడు శీతకాలము వచ్చెను.

1893 జనవరి, ఫిబ్రవరి మాసములలో ఆల్టోనాలో కలరా కనిపించెను. పెద్ద ఉపద్రవము కాదు. రోగులు నలుబది యేబదిమందికి మించలేదు. కాని వారు ఊరిలో ఒకచోట గుమిగూడినవారు కారు, అక్కడక్కడ చెదరియుండిరి. ఒకరినుండి ఒకరికి అంటినదని చెప్పుటకు ఆధారము లేదు. అందరికిని సామాన్యమైనది నీరొక్కటే. హాంబర్గులో వేసవినాటి వ్యాధి అప్పటికి పూర్తిగా అణగలేదు. దాని క్రిములు నదిలో వచ్చుచునే యున్నవి. కాక్ మరల విచారణ చేసెను. ఆల్టోనా నీటిశాలలో వడపోత తొట్టెలు పైకప్పు లేనివి. గడ్డకట్టు చలిలో ఒక తొట్టెను గీకి శుభ్రము చేయుటకై నీరు తీసివేయగా, బయటపడిన తడియిసుక పైభాగము మంచుతో బిగిసిపోయెను. ఆ తరువాత నీరు నింపి, ఆ తొట్టెను ఎప్పటివలెనే పనిలో పెట్టిరి. బిగిసిన ఇసుకపై పొర సరిగా ఏర్పడలేదు. ఎడమున్నచోట నీరు దారిచేసికొని సూటిగా దిగెను. మిగిలిన తొట్టెల నీరు మంచిదే. కాని అన్నింటి నీరు ఒకే గొట్టములో కలియును గదా! ఒక్క తొట్టె తప్పునకు ఊరంతయు లోబడెను. చూచుటకు మాత్రము ఆ నీరు ఎప్పటివలెనే తేటగా నుండెను.

అదే జనవరిలో హాల్లె సమీపమున నీట్లెబెన్ అను చోట మతిభ్రమ గలవారి ఆస్పత్రిలో ఇంతకంటె ఘోరము జరిగెను. ఆ ఆస్పత్రికి జాలె నదినుండి నీరు వచ్చును. స్వంత ఇసుక వడపోత కలదు. చలికి అది పాడయ్యెను. ఆస్పత్రి మురుగు పారిన పొలముల ఊట తిరిగి ఆ నదిలోనే, నీరు తోడుచోటికి ఎగువన, కలయుచుండెను. వందమందికి పైగా నిస్సహాయులు కలరా పాలైరి. వారిలో ఏబదిమంది దాక మరణించిరి. వడపోత కలదన్న ధైర్యముతో అచటివారు నీటిని అనుమానింపలేదు. అసలు వడపోత లేనిచో కాచి త్రాగియుందురేమో!

ఈ రెండు ఘటనలనుండి కాక్ తీసిన నియమములు చిన్నవి. నీరు తొట్టెలో గంటకు 100 మిల్లీమీటర్లకు మించి దిగరాదు. ప్రతి తొట్టె నీటిని విడివిడిగా, ప్రతిదినము పరీక్షింపవలెను. ఒక ఘన సెంటీమీటరు నీటిలో 100 కంటె ఎక్కువ క్రిములు గల నీటిని ఊరి తొట్టెలోనికి రానీయరాదు. ఆ నూరు అను సంఖ్యలో మహత్తేమియు లేదు. బాగుగా నడచు తొట్టె అంతకంటె తక్కువగానే ఇచ్చునని అనుభవమువలన తెలిసినది, అంతే. తొట్టె ఉన్నదా లేదా అను ప్రశ్నను విడిచి, ఆ తొట్టె నేడు పనిచేయుచున్నదా అని అడుగుట అప్పటినుండి ఆచారమైనది. మా యభిప్రాయమున కలరా క్రిమిని కనిపెట్టుటకంటె ఈ దినచర్యను నిర్ణయించుట చిన్న పనియేమియు కాదు. హాంబర్గువారు రాత్రింబవళ్లు పనిచేసి 1893 మే నెలలో కాల్టెహోఫె వడపోతను తెరచిరి.

తరువాతి మెట్టు క్లోరిన్. 1905లో ఇంగ్లండు దేశపు లింకన్ పట్టణములో విషజ్వరము చెలరేగి, వెయ్యిమందికి పైగా మంచమెక్కిరి. అక్కడను ఇసుక వడపోత ఉండెను, అది చాలలేదు. డాక్టరు అలెగ్జాండర్ హ్యూస్టన్ నీటిలో క్లోరిన్ సంబంధమైన ద్రావణమును ఎడతెగక కలిపించి రోగమును అదుపులోనికి తెచ్చెను. 1908లో అమెరికాలోని జెర్సీ నగరపు నీటికి జాన్ లీల్ అను వైద్యుడు బ్లీచింగ్ పౌడరు కలిపించినపుడు, ఎవరిని అడిగి ప్రజలకు మందు త్రాగించుచున్నావని న్యాయస్థానములో వాదము నడచెను. తీర్పు ఆయనకు అనుకూలముగా వచ్చెను. ఇసుకకును క్లోరిన్‌కును గల భేదము గమనింపదగినది. ఇసుక కావలి నీటిశాల గుమ్మముతో ముగియును. క్లోరిన్, తగినంత మిగిలియున్నచో, నీటివెంట మన యింటి కుళాయివరకు నడచివచ్చును.

దీనితో చిక్కు తీరినదనుకొనిన కాలమున మన రాజధానియే వేరొక పాఠము చూపెను. 1955 వరదల తరువాత ఢిల్లీలో యమున తన ప్రవాహమును మార్చుకొనెను. నీరు తోడు వజీరాబాదు స్థానమునకు దిగువన నదిలో కలియవలసిన నజాఫ్‌గఢ్ మురుగుకాలువ నవంబరులో ఎగదన్ని, తోడు స్థానమునకు చేరెను. నీటిశాలవారు నిద్రపోలేదు. నీటిలో మార్పును పసిగట్టి పటికను, క్లోరిన్‌ను హెచ్చించిరి. ఆ జాగ్రత్త వలన విషజ్వరము గాని రక్తగ్రహణి గాని ఊరిలో పెరుగలేదు. బాక్టీరియా చచ్చినవి. కాని డిసెంబరులో కామెర్లు మొదలయ్యెను. జనవరి ముగియులోపల కామెర్లు కనబడినవారే సుమారు 29,300 మంది అని అంచనా. గర్భిణీస్త్రీలకు అది ప్రాణాంతకమై తోచెను. క్లోరిన్‌కు అంత సులభముగా లొంగని వైరసు అది. దాని గుర్తు తెలియుటకు ఇరువదియైదేండ్లు పట్టెను. నాడు భద్రపరచిన రోగుల రక్తరసమును 1980 ప్రాంతమున పరీక్షించగా అప్పటికి ఎరిగిన కామెర్లలో అది చేరదని తేలెను. 1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు బలయాన్, రోగుల మలమునుండి తీసిన ద్రవమును తానే మ్రింగి, తాను రోగియై ఆ వైరసును సూక్ష్మదర్శినిలో చూపెను. పెటెన్‌కోఫర్ కాదనుటకు త్రాగెను, బలయాన్ ఔననుటకు త్రాగెను! ఇప్పుడు దానిని హెపటైటిస్ ఇ అందురు.

ఢిల్లీలో జాగ్రత్తకు లోపము లేదు; క్రిమియే కొత్తది. జాగ్రత్తయే లోపించిన కథ కెనడాలో వాకర్టన్ అను చిన్న పట్టణమునది. 2000 మే నెలలో కుండపోత వానకు పశువుల పేడనీరు ఒక లోతులేని బావిలో ఊరెను. క్లోరిన్ కలుపు యంత్రము ఉండెను, తగినంత కలుపలేదు. కలిపినట్లు దినచర్య పుస్తకములో అంకెలు మాత్రము వ్రాసియుండెను. ఐదువేలు జనాభా గల ఊరిలో సుమారు 2,300 మంది జబ్బుపడిరి, ఏడుగురు మరణించిరి. కాక్ నియమించిన దినచర్య కాగితముపై జీవించి, తొట్టెలో మరణించినది.

మన తెలుగునాట నీరు చెడుచోటు తరచుగా నీటిశాల కాదు, వీధి. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూరులోను, 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలోను మురుగు కలసిన కుళాయినీరు త్రాగి అనేకులు జబ్బుపడిరి, కొందరు మరణించిరి. దినమునకు గంటయో రెండు గంటలో నీరు వదలు ఊళ్లలో తక్కిన వేళలందు గొట్టము ఖాళీగా నుండును. నీరు నిండుగా త్రోయుచున్నపుడు చిల్లులలోనుండి బయటికి కారును; ఖాళీయైనపుడు ఆ చిల్లులే ప్రక్కనున్న మురుగును లోపలికి పీల్చును. ఇంటింట మోటారు పెట్టి గొట్టమునుండి నీరు లాగుకొనుటవలన ఈ పీల్పు మరింత బలపడును. ఎంత శుద్ధిచేసి పంపిన నీరైనను ఆ దారినే రావలెను గదా.

అందుచేత నేడు పరీక్షచేయువారు నీటిశాలకు మాత్రమే గాక, గొట్టపు వరుసలో అన్నిటికంటె చివరనున్న కుళాయికి కూడ పోవలసి యున్నది. చిన్న గాజుగొట్టములో ఆ నీరు పట్టి మందుచుక్కలు వేయుదురు. క్లోరిన్ మిగిలియున్నచో నీటికి పసుపు ఛాయ వచ్చును. లీటరునకు 0.2 మిల్లీగ్రాము అయినను మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము. పసుపు ఛాయ రాని నాడు ఆ నీరు ఎంత తేటగా నున్నను, ఆ వీధివారు పొయ్యి వెలిగించి, కళపెళ మరుగువరకు కాచి త్రాగవలసినదే.